గుడ్డ కింది మాట

"డిక్రీ వచ్చిందంట! కోర్టు డిక్రీ!"

రాఘవమ్మ వేసిన ఆ ఒక్క కేకకి కల్లం మొత్తం లేచి నిలబడింది. తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఎక్కడి పని అక్కడే వదిలేశారు. ఇద్దరు పరుగెత్తుకెళ్లి ఆరబోసిన మిరపకాయల మీద పట్టా కప్పేశారు, కాయ కనబడకపోతే జప్తు చెయ్యరన్న ధీమాతో. నులకమంచం మీద కూర్చున్న చెంచయ్య, పక్షవాతంతో పడిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్లోకి తీసుకుని, "దావా వేసిందెవరే? ఎరువుల కొట్టోడేనా?" అన్నాడు.

ఈ గలాటా అంతటికీ కారణమైన శేషాచలం కల్లం నడుమ నిలబడి తుమ్ముతున్నాడు. గుంటూరు నుంచి బస్సు దిగి నేరుగా వచ్చాడు. అతను చెప్పబోయింది "డిగ్రీ సంగతి మాట్లాడాలండీ" అని. మిరప ఘాటు ముక్కులోకి పోయింది, తుమ్ము మాటలోకి దూరింది, డిగ్రీ కాస్తా డిక్రీ అయింది.

"డిక్రీ కాదండీ! డిగ్... హాచ్!"

"చూశారా, మళ్లీ అంటన్నాడు!" అంది రాఘవమ్మ.

అప్పుడు రాశి వెనకనుంచి ఒకమ్మాయి లేచింది. తలకి గుడ్డ చుట్టుకుంది, చేతిలో చీపురుంది. "ఎవరండీ మీరు? కోర్టు అమీనా అయితే కాగితం చూపించండి. కాకపోతే ముందు తుమ్మటం ఆపండి."

"నా పేరు శేషాచలమండీ. జ్ఞానజ్యోతి ట్యుటోరియల్స్‌లో ఇంగ్లీషు చెబుతాను. వెంకటరావమ్మ గారంటే..."

"నేనే. రావమ్మ అంటారు."

"రావమ్మ గారూ, ఒక్కసారి ఇటు వస్తే..."

"రాను. అక్కణ్ణించే చెప్పండి."

పేరులోనే 'రావమ్మా' అన్న పిలుపు పెట్టుకుని, పిలిస్తే రానంటుందేమిటీ అని శేషాచలానికి నవ్వొచ్చింది. నవ్వబోయి తుమ్మాడు. అది చూసి ఆమె నవ్వింది. మిరప ఘాటు నషాళానికెక్కితే కాసేపటికి దిగుతుంది. ఆ నవ్వు మాత్రం దిగలేదు.

అది ఎనభై మూడు నాటి మాట. పర్చూరుకి అవతల నల్లమడవారిపాలెం. ఊళ్లో మిరపా పత్తీ పండించే రైతులకి ఒక సహకార సంఘం ఉంది. దానిలో 'సహ' ఎంతో తెలియదు గానీ 'కారం' మాత్రం దండిగా ఉంటుంది. చెంచయ్య చెయ్యి పడిపోయాక పదో తరగతితో చదువాపేసిన రావమ్మ, పొలంతో పాటు ఆ సంఘం పనీ నెత్తికెత్తుకుంది. విత్తనాలు తెప్పించేది ఆమె, గుంటూరు లారీ మాట్లాడేది ఆమె, తగువులొస్తే తీర్చేది ఆమె. చేసేది సెక్రటరీ పని, పేరు తాత్కాలిక గుమాస్తా. ఇప్పుడు సెక్రటరీ ఉద్యోగం ఖాయం చేస్తారట. డిగ్రీ ఉన్నవాళ్లకే ఇస్తారట.

శేషాచలం తుమ్ముల మధ్య సందు చూసుకుని విషయం చెప్పాడు. ఉత్తరాదిన ఎక్కడో 'అనుభవ విద్యాపీఠం' అని ఒకటుంది. మనిషి ఇన్నేళ్లూ చేసిన పనికి మార్కులు వేస్తారు. మిగతా సగానికి పాఠాలు పంపుతారు. రెండూ కలిపి బి.ఏ. ఇస్తారు. గుంటూరులో దానికి ఏజెన్సీ తీసుకున్నది అతని ప్రిన్సిపాలు త్యాగరాజు. సెక్రటరీ ఉద్యోగం కబురు విని అతన్నిక్కడికి పంపిందీ ఆయనే.

"అంటే, నేను ఇన్నాళ్లూ పడ్డ పాట్లకి మార్కులా?" అంది రావమ్మ.

"పాట్లకీ, పాఠాలకీ కూడానండీ."

"అమ్మాయ్, ఇదేదో బాగానే ఉందే," అన్నాడు మంచం మీది చెంచయ్య. "ఆ డిక్రీ ఏదో తెచ్చుకో."

"డిగ్రీ నాన్నా."

"అదేనమ్మా, డిక్రీ."

ఇంతలో బేరగాడు బాపయ్య తన భుజం మీది తువాలు దులిపాడు. ఆ ఊళ్లో గిత్తకైనా మిరపకైనా బేరం గుడ్డ కిందే. ఇద్దరి చేతుల మీదా తువాలు కప్పుతారు. ధర వేళ్లతో చెప్పుకుంటారు. దానికి రెండు కట్టుబాట్లు. చెయ్యిచ్చినవాడు మాట తప్పకూడదు. గుడ్డ కింద జరిగింది ఇద్దరిలో ఎవరూ మూడో మనిషితో అనకూడదు. ఆడవాళ్లు ఈ బేరాల్లోకి రారు. తండ్రి చెయ్యి పడిపోయింది గనక ఊరు రావమ్మ చేతిని చెంచయ్య చెయ్యి అనే ఒప్పుకుంది.

"గుడ్డ వేస్తేనే బేరం పంతులుగారూ," అని బాపయ్య తువాలు కప్పేశాడు.

శేషాచలానికి ఆ వేళ్ల లెక్క తెలియదు. ఫీజు సంగతి ఆమె అతని కణుపుల మీద నొక్కి చెప్పింది, అతను అన్నిటికీ తలూపాడు. ఆఖర్న ఆమె అరచెయ్యి చాచి, అతనికి మాత్రం వినబడేలా, "సరుకు మంచిదేనా? మంచిదైతే నా అరచెయ్యి నొక్కండి. ఇంక నేను మూట విప్పి చూడను," అంది.

ఎండలో పనిచేసిన చెయ్యి, వెచ్చగా గరుగ్గా ఉంది. నొక్కమని అడిగాక నొక్కకుండా ఉండడానికి అతనేమన్నా రాయా? నొక్కాడు. బుర్రతో కాదు, గుండెతో.

రావమ్మ ఆ విద్యాపీఠం ఎక్కడుందని గానీ, దాన్ని ఎవరు గుర్తించారని గానీ, పరీక్ష ఏ హాల్లో పెడతారని గానీ అడగలేదు. గుంటూరు వెళ్లే ప్రతి మూటలోనూ మధ్యదాకా చెయ్యి పోనిచ్చి కాయ తీసి చూసే మనిషి, దీన్ని మాత్రం విప్పలేదు. చెయ్యిచ్చాడుగా!

పాఠాలు రాలేదు. త్యాగరాజునడిగితే "పోస్టల్ డిలే" అన్నాడు. ఆయన పేరే త్యాగరాజు, త్యాగాలన్నీ ఎదుటివాళ్ల చేతే చేయిస్తాడు. ఉత్త చేతులతో వెళ్లలేక శేషాచలమే గుంటూరు లైబ్రరీలో కూర్చుని చరిత్ర, ఎకనామిక్సు, ఇంగ్లీషు పాఠాలు తయారు చేసుకుని ప్రతి ఆదివారం బస్సెక్కడం మొదలుపెట్టాడు. చెంచయ్య మంచం మీద, వాళ్లిద్దరూ చెరో పక్కన గోనెపట్టాల మీద. చుట్టూ తాలు ఏరే ఆడవాళ్లు, వాళ్ల చెవులు.

"పాస్ట్ పర్ఫెక్ట్ అంటే ఏంటండీ?"

"జరిగిపోయిన దానికంటే ముందే జరిగిపోయింది."

"జరిగిపోయిందాన్ని పర్ఫెక్ట్ అంటారేంటి? జరిగిపోయినవన్నీ బాగుంటాయా?"

"ఇంగ్లీషువాళ్లకి బాగుండి ఉంటాయి."

"మీకు?"

"నాకు ప్రెజెంట్ కంటిన్యువస్ చాలండీ," అన్నాడు శేషాచలం ఆమె కళ్లలోకి చూస్తూ.

"అంటే ఏంటమ్మాయ్?" అంది రాఘవమ్మ.

"ఏం లేదత్తా. పంతులుగారికి ఇంకో గ్లాసు మజ్జిగ కావాలంట."

అలా ఏడాది తిరిగింది. రావమ్మ చదువు చిక్కబడింది. శేషాచలం తుమ్ములు తగ్గాయి. మళ్లీ మిరప కోతలొచ్చాయి.

ఒకరోజు అతను ప్రిన్సిపాలు గదిలోకి హుషారుగా వెళ్లి, "సార్, రావమ్మ గారు రెడీ. పరీక్ష ఎప్పుడంటారు?" అన్నాడు.

త్యాగరాజు చెవిలోంచి పుల్ల తీసి అతన్ని జాలిగా చూశాడు. "పరీక్షేంటయ్యా? ఏ క్లాసు కావాలో కనుక్కో. సెకండు క్లాసు వేయిద్దాం, ఫస్టు క్లాసైతే జనానికి అనుమానం. ఏ సంవత్సరం ప్యాసయినట్టు ఉండాలో కూడా అడిగిరా."

"అంటే... విద్యాపీఠం లేదా సార్?"

"ఎందుకు లేదూ? గదుంది, రబ్బరు స్టాంపుంది."

"గుర్తింపు?"

"నేను వెళ్తే గుర్తుపడతారు. చాలదూ?"

శేషాచలం విద్యాలయం అనుకున్నాడు, తీరా చూస్తే విద్య లయం. ఈ ఆదివారం వెళ్లగానే చెప్పెయ్యాలి అనుకున్నాడు. బస్సులో మాటలన్నీ పేర్చుకున్నాడు.

ఆ ఆదివారం అతను కల్లంలో అడుగు పెట్టేసరికి వాన. మిరప ఆరబోసిన కల్లం మీద అకాల వాన అంటే ఇంట్లో నిప్పు పడ్డట్టే. అందరూ పట్టాల కోసం పరుగులు. శేషాచలం చెప్పులు విడిచి ఒక అంచు పట్టుకున్నాడు, అవతలి అంచు రావమ్మ పట్టుకుంది. గాలికి అది లేచిపోతుంటే ఇద్దరూ రాశి పక్కనే చతికిలబడి, తలల మీదుగా లాక్కుని, గట్టిగా పట్టుకుని కూర్చున్నారు. పైన చినుకుల మోత. లోపల ఎర్రటి చీకటి, ఘాటు. ఇద్దరికీ ఒకేసారి తుమ్మొచ్చింది.

"పట్టా వస్తుందో రాదో గానీ, పట్టా కిందికి మాత్రం వచ్చేశాం," అంది రావమ్మ నవ్వుతూ. జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

"రావమ్మా..." అన్నాడు. 'గారు' వానలో కొట్టుకుపోయింది. "నీకొక మాట చెప్పాలి."

"నేను ముందు చెప్తా. నవ్వకూడదు." ఆమె పట్టా అంచు వైపు చూస్తూ అంది. "అమ్మ పోయినాక నాకు ఆదివారం అని ఒక వారం ఉందనే గుర్తు లేదు. మీరు రావటం మొదలెట్టాకే తెలిసింది. ఊఁ, ఇప్పుడు మీరు చెప్పండి."

పేర్చుకున్న మాటలన్నీ గొంతులో ఉన్నాయి. చెబితే పాఠాలుండవు. పాఠాలు లేకపోతే ఆదివారాలుండవు.

"ఏం లేదు. వాన వెలిసింది," అన్నాడు.

వెలవలేదు.

వచ్చే వారం చెబుదామనుకున్నాడు. కోతలయ్యాక చెబుదామనుకున్నాడు. పరీక్ష లేటవుతుందని ఏదో ఒకటి చెప్పి సర్దాడు. మమకారంలో కూడా కారం ఉంటుందని ఆ రోజుల్లో అతనికి తట్టలేదు. ఇంతలో త్యాగరాజు, అతనితో ఒక్క మాట కూడా అనకుండా, సెకండు క్లాసు బి.ఏ. కాగితాన్ని నేరుగా రావమ్మకి పోస్టు చేసేశాడు. ఏడాదైనా పాఠాలు తేని పోస్టు దీన్ని మాత్రం రెండ్రోజుల్లో చేర్చింది. అనుభవానికి మార్కులిచ్చి పరీక్ష మాఫీ చేసి ఉంటారనుకుంది రావమ్మ. సంఘం మహాసభ దగ్గర్లోనే ఉంది. అది జతచేసి దరఖాస్తు పెట్టింది.

ఆ మహాసభ రోజున శేషాచలం చీరాలలో ఉన్నాడు. నేత చీర కొంటున్నాడు. చీర చేతిలో పెట్టి పెళ్లి మాట చెబుదామనీ, ఆ సంతోషంలో డిగ్రీ సంగతి కూడా చెప్పేద్దామనీ అతని ప్లాను. ఆకుపచ్చకి ఎర్రంచు, అచ్చం మిరపచేనులా ఉంది.

రెండ్రోజులకి ఊళ్లో బస్సు దిగగానే బాపయ్య ఎదురయ్యాడు. రోజూ గట్టిగా మాట్లాడే మనిషి గొంతు తగ్గించాడు.

"ఆ కాయితం చూసి ప్రెసిడెంటు జానకిరామయ్య గారు, 'ఇట్టాంటి యూనివర్సిటీ దేశంలోనే లేదమ్మా' అన్నాడయ్యా. 'పంతులు నిన్ను మోసం చేశాడా, తెలిసే కొన్నావా?' అని అడిగాడు. అమ్మాయి నోరిప్పలా. మళ్లీ అడిగితే, 'గుడ్డ కింది బేరమండీ, చెప్పకూడదు' అంది. అంతే. తెలిసే కొన్నదని అందరూ తేల్చేశారు. ఆదివారం చదువులన్నీ నాటకమేనంట, మీరిద్దరూ కలిసే చేశారంట. గుమాస్తా పని కూడా తీసేశారు."

"మీరైనా చెప్పలేకపోయారా?"

"గుడ్డ వేసింది నేను. కింద ఏం జరిగిందో నాకేం తెలుసు? నీకు తెలుసు. నువ్వేమో లేవు."

రావమ్మ కల్లంలో ఒక్కతే ఉంది. చెంచయ్య మంచం ఖాళీగా ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసు మీకు?" అంది. ఇంకేమీ అడగలేదు.

"వాన పడ్డ రోజు... దానికి ముందే."

"అప్పుడు చెప్పుంటే నేను దరఖాస్తు పెట్టేదాన్ని కాదు. మా నాన్న రెండ్రోజుల్నించీ గుమ్మం దిగలేదు. 'కొనుక్కొచ్చావా అమ్మాయ్' అని ఒక్కసారి అడిగాడు. ఆయనకి కూడా చెప్పలేకపోయా. గుడ్డ వేసుకుంటే ఆయనతో కూడా చెప్పకూడదు. ఆ కట్టుబాటు నాకు నేర్పింది ఆయనే."

"ఆదివారాలు పోతాయని భయపడ్డాను రావమ్మా."

"పోయినాయిగా."

అతను చీర పొట్లం వెనక్కి దాచుకున్నాడు. "ఇప్పుడే వెళ్లి ఊరందరికీ చెబుతాను. తప్పంతా నాదే అంటాను."

"వద్దు. ఇవాళ మీరు చెబితే నాకోసం అబద్ధమాడుతున్నారనే అనుకుంటారు. నా చేతిలో మంచి సరుకు పడ్డాక చెప్పుకోండి. అందాకా ఇటు రావద్దు."

అతను ఆ మాట విన్నాడు. వినడం సులువు గనక విన్నాడు. కనీసం చెంచయ్య మంచం దగ్గర కూర్చుని, ఆయన ఒక్కడి చెవిలో ఒక్క మాట చెప్పి ఉండాల్సింది. తర్వాతి రోజుల్లో ఎన్ని 'ఉండాల్సింది'లు కూడేసుకున్నాడో! పాస్ట్ పర్ఫెక్ట్ పాఠం చెప్పిన పంతులికి ఆ కాలమే ఇల్లయింది.

త్యాగరాజు ముఖాన రాజీనామా కొట్టాడు. ట్యుటోరియల్‌కి పోలీసులొచ్చి ఆ వ్యాపారం మూతపడింది గానీ, రావమ్మకి ఒరిగిందేమీ లేదు. శేషాచలం ఒంగోలు చేరి, ప్రభుత్వం కొత్తగా పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం స్టడీ సెంటర్లో పనికి కుదిరాడు. ఇంటర్ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి బి.ఏ.లో చేరొచ్చు అక్కడ. అనుభవానికి ఊరికే మార్కులు వెయ్యరు. కానీ అనుభవం ఉన్నవాళ్లు ఆ పరీక్ష గట్టెక్కుతారు. సెంటరుకొచ్చిన ప్రతివాళ్లకీ అతను ఒకటే మాట చెప్పేవాడు: "పరీక్ష పెట్టకుండా పట్టా ఇస్తానన్నవాడి దగ్గర్నుంచి పారిపోండి. ముందు ఎవరు గుర్తించారో అడగండి. మూట విప్పి చూడండి. ఎంత ప్రేమగా చెయ్యి నొక్కినా సరే, విప్పండి."

ఒక వేసవిలో ప్రవేశ పరీక్ష వరసలో రావమ్మ కనబడింది. కొంచెం చిక్కింది. అతను కుర్చీలోంచి లేచాడు.

"కూర్చోండి పంతులుగారూ. పరీక్ష రాయటానికి వచ్చా."

"చెంచయ్య గారు బాగున్నారా?"

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది. "మొన్న చలికాలం పోయాడు. ఆఖరిదాకా కల్లానికి రాలేదు."

శేషాచలం చేతిలోని కలం బల్ల మీద పెట్టాడు. ఆమే అంది: "హాలు ఎటు?"

చూపించాడు. అంతే. ఆ మూడేళ్లూ ఆమె క్లాసులకి వచ్చింది, వెళ్లింది. ఒకసారి మాత్రం ఆగి, "మీ చరిత్ర పాఠాలే పనికొస్తన్నాయి. సరుకు మంచిదే. మూట మీది ముద్రే దొంగది," అని వెళ్లిపోయింది. ఆ మాట తల్చుకుని శేషాచలం చాలా రోజులు బతికాడు.

ఎనభై ఎనిమిదిలో సంఘం మహాసభ మళ్లీ కల్లంలోనే జరిగింది. సెక్రటరీగా వచ్చినవాళ్లెవరూ ఆ ఊళ్లో నిలవలేదు. రావమ్మ బి.ఏ. పట్టా జానకిరామయ్య గారి చేతిలో ఉంది. ఆయన కళ్లజోడు సర్దుకుని, ముందూ వెనకా చూసి, "ఇది నిఖార్సైనదయ్యా," అన్నాడు.

వెనకనుంచి ఎవరో, "ఈసారి ఏ ఊళ్లో కొన్నదో!" అన్నారు. నవ్వులు.

"నేను చెబుతాను," అన్నాడు శేషాచలం. అతను వచ్చిన సంగతి అప్పటిదాకా ఎవరూ గమనించలేదు. తుమ్మలేదు మరి. "గుడ్డ కింది మాట పైకి చెప్పకూడదని నాకు తెలుసు. ఇవాళ చెబుతున్నాను. ఆ రోజు ఈమె నన్ను అడిగింది, సరుకు మంచిదేనా అని. మంచిదేనని నేను చెయ్యి నొక్కాను. అది దొంగదని నాకప్పుడు తెలియదు. తెలిశాక చెప్పలేదు. ఈమెకి మీ అందరితో పాటే తెలిసింది. మీరడిగినప్పుడు నోరిప్పకపోవడం మీ కట్టుబాటు కోసం. ఆదివారాలు చదివిందంతా నిజంగానే చదివింది."

రాఘవమ్మ ముక్కు చీది, "అయ్యో తల్లీ, ఎన్నేసి మాటలన్నామే నిన్ను," అంది. జానకిరామయ్య గారు లేచి నిలబడి, "ఆనాడు నేను సరిగ్గా అడగలేదమ్మా. ఉద్యోగం నీది. తప్పు మాది," అన్నాడు.

బాపయ్య గొంతు సవరించుకున్నాడు. "గుడ్డ కింది మాట పైకి చెప్పావు పంతులూ. ఆ బేరం రద్దు. కావాలంటే కొత్త బేరం వేసుకోవాలి." తువాలు తీయబోయాడు.

"నీది వద్దు బాబాయ్," అంది రావమ్మ. ఇంట్లోకి వెళ్లి అంచులు చిరిగిన పాత తువాలొకటి తెచ్చింది. అది చెంచయ్యది. "అందరికీ చెప్పారు. ఇంకొకరు మిగిలారు. రండి."

అతను వెంట నడిచాడు. ఊరు కూడా వెంట నడిచింది. మిరపచేను గట్టు మీద, చెంచయ్యని దహనం చేసిన చోట రావమ్మ ఆగింది. శేషాచలం ఆ మాటలన్నీ మళ్లీ మొదటినుంచి చెప్పాడు, ఒక్కటి కూడా తగ్గించకుండా. గాలికి మిరపమొక్కలు ఊగాయి గానీ బదులెవరూ చెప్పలేదు. అర్థం కావాల్సినవాళ్లందరికీ అర్థమైంది, అందరికంటే ముందు అర్థం కావాల్సిన మనిషికి తప్ప.

"డిక్రీ వచ్చింది నాన్నా," అంది రావమ్మ.

'డిగ్రీ' అని ఎవరూ దిద్దలేదు.

ఆమె తువాలు విప్పి, తన చేతి మీదా శేషాచలం చేతి మీదా కప్పింది. దాని కింద ఎవరు ఎవరి అరచెయ్యి నొక్కారో చెప్పడానికి కట్టుబాటు ఒప్పుకోదు. చాలాసేపు మాత్రం ఎవరూ చెయ్యి తియ్యలేదు.

"ఈసారి మూట విప్పి చూశాను నాన్నా," అంది ఆమె.